బీఎస్సీ చదువుతూ బీటెక్‌కి మారాలనుకుంటే ఇది చదవండి

ఇంటర్ ఎంపీసీ అయ్యాక ర్యాంక్ రాకో, ఇంట్లో డబ్బుల్లేకో బీఎస్సీలో చేరిపోయి, ఏడాది తిరక్కుండానే "బీటెక్ చేసుంటే బాగుండేది" అనుకునేవాళ్లు ప్రతి డిగ్రీ కాలేజీలో ఉంటారు, నేనూ ఆ బ్యాచే. అందుకే రాస్తున్నా.

ముందు మీరు ఏ ఇయర్‌లో ఉన్నారో చూసుకోండి. ఫస్టియర్ అయితే మళ్లీ ఎప్‌సెట్ (ఇంటర్ తర్వాత బీటెక్‌కి రాసే ఎంట్రన్స్) రాసి బీటెక్ మొదట్నుంచి చదివినా 1+4 అయిదేళ్లలో బయటపడతారు. డిగ్రీ పూర్తిచేసి ఈసెట్ అనే ఎంట్రన్స్ రాస్తే డైరెక్ట్‌గా బీటెక్ సెకండియర్‌లో సీటు, అంటే 3+3 ఆరేళ్లు, కానీ చేతిలో రెండు డిగ్రీలుంటాయి. సెకండియర్ దాటేశాక మాత్రం మధ్యలో మానేయకండి, ఆ చదివిన రెండేళ్లు బీటెక్‌కి లెక్కలోకి రావు, పైగా టీసీ, ఒరిజినల్స్ కోసం కాలేజీ చుట్టూ తిరగాలి (మా ఫ్రెండ్‌ని పూర్తి ఫీజు కడితేనే ఇస్తామని నెలరోజులు తిప్పారు).

ఈసెట్ అంటే పాలిటెక్నిక్ వాళ్లదే అనుకుంటారు చాలామంది, మా లెక్చరర్‌కే తెలీదు. ఏపీలో, తెలంగాణలో రెండుచోట్లా బీఎస్సీ మ్యాథమెటిక్స్ వాళ్లకి విడిగా పేపర్ ఉంది. డిగ్రీలో మ్యాథ్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి, సో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) వాళ్లకి కుదరదు. 200 ప్రశ్నలు, 3 గంటలు, మ్యాథ్స్ 100, ఎనలిటికల్ ఎబిలిటీ 50, ఇంగ్లీష్ 50. నెగెటివ్ మార్కింగ్ లేదు కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగా వదలొద్దు. మ్యాథ్స్ అంటే ఇంటర్ మ్యాథ్స్ కాదు, గ్రూప్స్, రింగ్స్, రియల్ ఎనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, అంతా మన డిగ్రీ సిలబస్సే, సెమిస్టర్ ముందురోజు థియరమ్ బట్టీపట్టి పాసైన బ్యాచ్‌కి ఇక్కడ చుక్కలు కనిపిస్తాయి, ఎందుకంటే ప్రశ్నలు బిట్లుగా వస్తాయి. ఎనలిటికల్, ఇంగ్లీష్ కలిపితే సగం పేపర్, దాన్ని లైట్ తీసుకోవద్దు.

ఫైనలియర్ రాస్తూ కూడా అప్లై చేయొచ్చు, కానీ కౌన్సెలింగ్ టైమ్‌కి పాసైనట్టు మెమో కావాలి, బ్యాక్‌లాగ్ ఉంటే ర్యాంక్ ఎంతొచ్చినా దండగే. స్కూల్ నుంచి డిగ్రీ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి. సీట్ల సంగతి నిజం చెప్పుకోవాలి, ఇలా నేరుగా సెకండియర్‌లో చేరే లేటరల్ ఎంట్రీలో ముందు పాలిటెక్నిక్ డిప్లొమా వాళ్లని నింపాకే బీఎస్సీ వాళ్ల వంతు. టాప్ కాలేజీలో సీఎస్ఈనే కావాలని భీష్మించుకుంటే కష్టం, వెబ్ ఆప్షన్లు బారెడు పెట్టండి.

అసలు సినిమా చేరాక మొదలవుతుంది. సెకండియర్ సబ్జెక్టులతో పాటు ఫస్టియర్‌లో మనం చదవని ఇంజనీరింగ్ డ్రాయింగ్, మెకానిక్స్ కూడా పాసవ్వాలి. మెకానిక్స్‌లో ఫోర్సులు గీయడం రెండు వారాల్లో అలవాటైంది గానీ డ్రాయింగ్ క్లాసులో మొదటిరోజు ఫస్టియర్ పిల్లల మధ్య కూర్చుని బోర్డుకి డ్రాఫ్టర్ (గీతలు గీసే స్కేళ్ల పరికరం) బిగిస్తుంటే స్కేలు వంకరగా జారిపోతోంది, పక్కనున్న కుర్రాడు కాసేపు చూసి "అక్కా, బోల్టు లూజుగా ఉంది, ఇటివ్వు" అని తనే బిగించి ఇచ్చాడు, వాడి దగ్గరే ప్రొజెక్షన్స్ అన్నీ నేర్చుకున్నా. సిగ్గుపడితే సబ్జెక్ట్ మిగిలిపోతుంది అంతే. సీ లాంగ్వేజ్ కూడా అంతే, ఎంపీసీఎస్ (కెమిస్ట్రీ బదులు కంప్యూటర్స్ ఉన్న గ్రూప్) వాళ్లకి పర్లేదు గానీ ఎంపీసీ వాళ్లు రిజల్ట్స్‌కీ కౌన్సెలింగ్‌కీ మధ్య ఖాళీలో పాయింటర్స్ దాకా చేసేసుకోండి, చేరాక డేటా స్ట్రక్చర్స్ నేరుగా అక్కడ్నుంచే ఎత్తుకుంటారు.

బీటెక్ నుంచి సైన్స్‌కి రావాలనుకునేవాళ్లు కూడా ఉంటారు, వాళ్లు ఐఐటీ జామ్ (ఐఐటీల్లో ఎమ్మెస్సీకి ఎంట్రన్స్) చూడండి, బీటెక్ వాళ్లూ రాయొచ్చు, కాకపోతే ఒక్కో ఐఐటీ ఎమ్మెస్సీకి డిగ్రీలో ఏ సబ్జెక్ట్ చదివుండాలో విడిగా పెడుతుంది, అది చూశాకే ఫీజు కట్టండి.

డ్రాఫ్టర్ మాత్రం కొత్తది కొనకండి, సెకండియర్‌కి వెళ్లిన ప్రతి ఒక్కరి దగ్గరా ఒకటి మూలన పడి ఉంటుంది, అడిగితే సగం రేటుకే ఇస్తారు.