చెప్పుల ప్రకటన వెంటపడుతుంటే

ఏదో ఒక యాప్‌లో చెప్పులు చూస్తాం. తర్వాత వారం రోజులు ఏ యాప్ తెరిచినా అవే చెప్పులు! కారణం ఫోన్‌లో ఉండే అడ్వర్టైజింగ్ ఐడీ. అన్ని యాప్‌లకూ కనిపించేది ఆ ఒక్క నంబరే కాబట్టి, ఎక్కడ ఏం చూశామో కలిపి కుట్టేస్తారు.

ఆండ్రాయిడ్‌లో తీసేయడానికి నిమిషం చాలు. సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్, అక్కడ ‘డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ’ నొక్కండి. కొన్ని ఫోన్లలో యాడ్స్ అనేది ‘ఆల్ సర్వీసెస్’ కింద ఉంటుంది. దొరక్కపోతే సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట యాడ్స్ అని కొట్టండి. పక్కనే ‘రీసెట్’ కూడా కనబడుతుంది, అది నొక్కొద్దు. కొత్త నంబర్ ఇస్తుందంతే. డిలీట్ చేస్తే అడిగిన యాప్‌కి అన్నీ సున్నాలే అందుతాయి.

ఐఫోన్‌లో అయితే ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, ట్రాకింగ్‌లోకి వెళ్లి ‘అలో యాప్స్ టు రిక్వెస్ట్ టు ట్రాక్’ ఆపేయండి. ఐఓఎస్ 14.5 నుంచి ట్రాక్ చేయాలంటే యాప్‌లు మన అనుమతి అడగాల్సిందే.

ఒక్క మాట. ప్రకటనల సంఖ్య తగ్గదు. పైగా ఒకే ఫోన్ నంబర్‌తోనో ఈమెయిల్‌తోనో రెండు యాప్‌లలో లాగిన్ అయి ఉంటే దాని ఆధారంగా మనల్ని గుర్తుపట్టేస్తారు. అక్కడ ఈ చిట్కా పనిచేయదు. ఫోన్ మార్చినప్పుడు మళ్లీ చేసుకోవాలి.