స్క్రీన్ తెరవకుండానే టెస్టులు నడిచేలా యాప్‌ను ఎలా కట్టాలి?

చిత్తూరు మండీలో తోతాపురి మామిడి లోడ్లకు కాటా చీటీ కొట్టే యాప్ రాస్తున్నారనుకోండి. లోడు బండి బరువు, ఖాళీ బండి బరువు, కిలో ధర కొడితే రైతుకు రావాల్సిన సొమ్ము చూపాలి. ఈ లెక్కను బటన్ క్లిక్‌లోనే రాసేస్తే, పరీక్షించాలన్న ప్రతిసారీ విండో తెరవాల్సిందే. ముందు టెస్టు, తర్వాత కోడ్ అన్న పద్ధతి అక్కడే మూలనపడుతుంది.

మొదట కోడ్‌ను మూడుగా విడదీయండి. లెక్క కట్టేది మోడల్, కంటికి కనిపించేది వ్యూ, రెండింటి మధ్య నడిపించేది ప్రెజెంటర్. వ్యూకు ఒక ఇంటర్‌ఫేస్, అంటే అది చేయాల్సిన పనుల జాబితా, రాయండి: సొమ్ము చూపు, తప్పు చూపు, సేవ్ బటన్ ఆపు. ప్రెజెంటర్‌కు తెలిసింది అంతే. ఆ ఫైల్లో క్యూటీ, స్వింగ్ లాంటి విండోలు గీసే లైబ్రరీల ఇంపోర్ట్ కనిపించిందంటే గీత దాటినట్టే.

ఇప్పుడు నకిలీ వ్యూ ఒకటి చేయండి. తనకు ఏం చెప్పారో గుర్తుపెట్టుకోవడమే దాని పని. మొదటి టెస్టు: 5,180 కిలోలు, 2,180 కిలోలు, ధర 8 రూపాయలు; నకిలీ వ్యూకు 24,000 రూపాయలు అందాలి. కోడ్ రాయకముందే నడిపి, ఫెయిల్ కావడం కళ్లారా చూడండి. అప్పుడే పాసైతే ఆ టెస్టు దేన్నీ చూడటం లేదన్నమాట. సొమ్మును పైసల్లో, పూర్ణాంకంగా దాచండి. ఫ్లోట్‌లో, అంటే దశాంశ సంఖ్యల రకంలో, పైసలు తేడా కొడతాయి.

రెండో టెస్టు ఇంకా ముఖ్యం. హడావిడిలో రెండు బరువులూ తారుమారు చేసి కొడతారు. అప్పుడు తప్పు చూపాలి, సేవ్ ఆగాలి, సొమ్ము గడి ఖాళీ కావాలి. ఈ మూడోదాన్నే మరిచిపోతారు. ముందు ట్రాక్టర్ సొమ్ము అలాగే నిలిచి ఉంటుంది, చీటీ దానితోనే వెళ్తుంది.

‘సేవ్ చేయాలా?’ అనే పాపప్‌ను ప్రెజెంటర్ నేరుగా తెరిస్తే, ఎవరో ఓకే నొక్కేదాకా టెస్టు అక్కడే ఆగిపోతుంది. ఆ ప్రశ్ననూ ఇంటర్‌ఫేస్ ద్వారానే అడిగించండి, నకిలీ వ్యూ వెంటనే ‘అవును’ అంటుంది. చీటీ మీది తేదీ, సమయం కూడా బయటి నుంచే ఇవ్వండి. సేవింగ్ వేరే థ్రెడ్‌లో, అంటే పక్కన సమాంతరంగా, జరిగితే, టెస్టులో మాత్రం ఆ పనిని అప్పటికప్పుడే నడిపే ఎగ్జిక్యూటర్ (పనులను నడిపే భాగం) పెట్టండి. రెండు సెకన్లు ఆగి చూసే స్లీప్ పెట్టి సరిపెట్టొద్దు: మెషీన్ నెమ్మదించిన రోజు కోడ్ సరిగ్గా ఉన్నా ఫెయిలవుతుంది.

అసలు వ్యూ చివర్లో రాయండి. ప్రతి మెథడ్ ఒకటి రెండు లైన్లే, ‘ఇఫ్’ ఉండకూడదు. బటన్లు, ప్రెజెంటర్ సరిగ్గా కలిశాయో లేదో (వైరింగ్) సరిచూడటానికి నిజం విండోతో నడిచే టెస్టులు రెండు మూడు చాలు. లేబుల్ ఎత్తు మాత్రం కంటితో చూడండి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపెట్టిన ఎత్తులో తెలుగు వత్తులు కిందికి తెగిపోతాయి.