ఇంట్లో షాక్ కొడుతోందా? ఎక్కడ కొడుతోందో చూస్తే కారణం దొరుకుతుంది

"కొంచెం జివ్వుమంటోంది అంతే, పెద్ద షాక్ కాదులే" అని నెలల తరబడి వదిలేసే ఇళ్ళు చాలానే ఉన్నాయి. పొడి నేల మీద చెప్పులతో ముట్టుకుంటే జివ్వుమన్న వస్తువు బాడీయే, తడి కాళ్ళతో ముట్టుకుంటే ప్రాణం తీస్తుంది. రెండుసార్లూ ఉన్నది అదే 230 ఓల్టులు. ఒంట్లోంచి ఎంత కరెంటు పారిందన్నదే తేడా. అందుకే ఏ వస్తువు జివ్వుమన్నా ముందు మెయిన్ దించండి. ఇన్వర్టర్ ఉంటే అదీ ఆపండి, లేకపోతే మెయిన్ దించినా కొన్ని వైర్లలో కరెంటు ఉంటుంది. ప్లగ్గు పీకాకే కారణం వెతకండి. ఒక్క స్విచ్ ఆపి ఊరుకుంటే చాలదు. వైరింగ్ తప్పుగా చేసి స్విచ్‌ను ఫేజులో (కరెంటును తెచ్చే వైరు) కాకుండా న్యూట్రల్‌లో (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) పెట్టి ఉంటే, స్విచ్ ఆపినా వస్తువులోకి ఫేజు వస్తూనే ఉంటుంది.

కూలర్ బాడీ షాక్ కొడుతోంది

తెలంగాణలో ఎండలు ముదిరాయంటే కూలర్ షాక్ వార్తలు మొదలవుతాయి. ఇనుప రేకు బాడీ, అడుగున నీళ్ళు, ఆ నీళ్ళలో మునిగి ఉండే పంపు, కింద తడిసిన గచ్చు. షాక్ కొట్టడానికి కావలసినవన్నీ ఒక్కచోటే ఉన్నాయి. పంపు సీలు పోయి నీళ్ళు లోపలికి వెళ్ళడం, ఫ్యాన్ మోటారు వైండింగ్ దెబ్బతినడం, రేకు అంచుకు ఒరుసుకుని వైరు తొడుగు తెగడం: సాధారణంగా ఈ మూడింట్లో ఒకటి జరుగుతుంది. ఏదైనా కరెంటు బాడీకే ఎక్కుతుంది.

ప్లగ్గు విప్పి చూడండి. లోకల్‌గా చేసిన కూలర్లలో చాలావాటికి రెండు కోర్ల వైరే (లోపల రెండే తీగలు) ఉంటుంది. పైన మూడు పిన్నుల ప్లగ్గు బిగించి ఉంటారు గానీ, లావు పిన్ను వెనక ఏమీ ఉండదు. దాన్ని తీసేసి మూడు కోర్ల వైరు వేయించండి. ఆకుపచ్చ, లేదా ఆకుపచ్చ-పసుపు చారల వైరు (ఎర్త్ వైరు, బాడీకి ఎక్కిన కరెంటును భూమిలోకి పంపేది) ఒక కొస లావు పిన్నుకు, రెండో కొస కూలర్ రేకుకు రావాలి. రేకు మీద పెయింటు గీకి, మెరిసే ఇనుము కనబడ్డాకే స్క్రూ బిగించాలి. పెయింటు మీద బిగిస్తే ఆ వైరు ఉన్నా లేనట్టే. పంపు మీద అనుమానం ఉంటే దాన్ని రిపేరు చేయించకండి, కొత్తది వేయండి. ఇక నీళ్ళు పోయడం ప్లగ్గు పీకాకే. వెనక కిటికీలోంచి బకెట్‌తో పోసే ఇళ్ళల్లో ఈ మాట అందరికీ తెలుసు, పాటించేవాళ్ళే తక్కువ.

మూడు రంధ్రాల సాకెట్ ఉంది, అయినా షాక్ ఆగలేదు

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. సాకెట్‌లో పై రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు.

మొదటి అనుమానం: ఆకుపచ్చ వైరు స్విచ్ బోర్డు దాకా వచ్చి ఆగిపోయి ఉండొచ్చు, లేదా మీటరు బోర్డు దగ్గర దేనికీ కలపకుండా చుట్టి వదిలేసి ఉండొచ్చు.

రెండోది దీనికన్నా ప్రమాదం. ఎర్త్ వైరు లాగే ఓపిక లేక, సాకెట్ వెనకే న్యూట్రల్ నుంచి ఎర్త్ పాయింటుకు చిన్న ముక్క లూప్ వేస్తారు. టెస్ట్ ల్యాంప్ (రెండు వైర్లు తగిలించిన బల్బు) పెడితే చక్కగా వెలుగుతుంది, ఇంటివాళ్ళు సంతోషిస్తారు. ఏదో ఒకరోజు న్యూట్రల్ ఎక్కడో తెగుతుంది. అప్పుడు ఆన్‌లో ఉన్న లైటు, ఫ్యాన్ గుండా వచ్చిన ఫేజు ఆ లూప్ ద్వారా ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గ్రైండర్ బాడీలన్నిటికీ ఎక్కి కూర్చుంటుంది. సాకెట్ విప్పినప్పుడు ఇలాంటి లూప్ కనిపిస్తే ఆరోజే తీయించండి.

మూడోది ఎర్త్ గుంత ఎండిపోవడం. బొగ్గు, ఉప్పు వేసి పైపు దించిన గుంతలో తేమ లేకపోతే భూమితో కనెక్షన్ బలహీనపడుతుంది. రాతి నేలల్లో ఇది మరీ ఎక్కువ. వేసవిలో గుంతలో నీళ్ళు పోయాలి. పైపు పైన వైరు బిగించిన క్లాంపు తుప్పు పట్టిందేమో కూడా చూడాలి. ఉప్పు ఇనుమును తినేస్తుంది.

టెస్ట్ ల్యాంప్‌తో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు వెలిగించి "ఎర్త్ బ్రహ్మాండంగా ఉంది" అంటే పూర్తిగా నమ్మకండి. 100 వాట్ల బల్బు అరకొర ఎర్త్ మీద కూడా బాగానే వెలుగుతుంది, ఎందుకంటే అది తీసుకునేది అర ఆంపియర్ లోపే. పైగా ఎర్త్ వైరు మధ్యలో తెగి ఉంటే, ఆ పరీక్ష చేస్తున్నంతసేపూ దానికి కలిసిన బాడీలన్నీ షాక్ కొడతాయి. ముందు అన్ని ప్లగ్గులూ పీకాలి. ఎర్త్ టెస్టర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో కొలిపించడమే మేలు.

ఇంత షాక్ కొడుతున్నా ఎంసీబీ ఎందుకు పడలేదు?

ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువ పారితే తనంతట పడిపోయే స్విచ్) ఉన్నది వైర్లు కాలిపోకుండా కాపాడడానికి, మనల్ని కాపాడడానికి కాదు. లెక్క చూడండి. ఎర్త్ నిరోధం 50 ఓమ్‌లు ఉంటే, ఫేజు పూర్తిగా బాడీకి తగిలినా పారేది 4.6 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడు. ఎర్త్‌ను 5 ఓమ్‌లకు తెచ్చినా 46 ఆంపియర్లే, దానికి ఎంసీబీ పడడానికి కొన్ని సెకన్లు పడుతుంది. మనిషి గుండెకు అంత సమయం లేదు.

మనిషిని కాపాడే పని చేసేది ఆర్‌సీసీబీ (కరెంటు లీకును పసిగట్టి పడిపోయే స్విచ్). ఫేజులో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే సప్లై కోసేస్తుంది. కొనేటప్పుడు మీద 30 ఎంఏ అని ఉందో లేదో చూడండి, 100, 300 రకాలు మనుషుల షాక్ రక్షణకు సరిపోవు. ఎర్త్, ఆర్‌సీసీబీ రెండూ ఉంటే మీరు ముట్టుకోకముందే పడిపోతుంది. ఎర్త్ లేకపోతే, పడేది మీరు ముట్టుకున్నాకే. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మాత్రం అది కూడా ఏమీ చేయలేదు. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూడండి.

వేయించాక ఊరికే పడిపోతోందంటే చాలామంది దాన్ని బైపాస్ చేసేస్తారు. ఆ పని చేయకండి. అన్ని ప్లగ్గులూ పీకి, ఒక్కొక్కటే పెట్టుకుంటూ రండి, ఏది పెట్టగానే పడితే లీకు అందులో ఉంది. మామూలు ఎంసీబీ ఫేజును మాత్రమే కోస్తుంది కాబట్టి, ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలవకపోతే ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌ను తాకుతోందేమో చూపించండి. ఇన్వర్టర్ పెట్టిన మర్నాటి నుంచే పడుతోందంటే న్యూట్రల్‌లు కలగాపులగం అయ్యాయని అనుమానించాలి.

ట్యాప్ తిప్పితే షాక్

గీజర్ ఎలిమెంట్ చిట్లి ఉంటుంది. ఉప్పు బోరు నీళ్ళున్న చోట ఎలిమెంట్ మీద సున్నపు పొర గట్టిపడి ఇది త్వరగా వస్తుంది. ఎలిమెంట్ మార్చి, ఎర్త్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్‌కే కలపండి. గీజర్ ప్లగ్గు పీకినా కొడుతుంటే బోరు మోటారునో, పక్క ఫ్లాట్ గీజర్‌నో చూడాలి.

ల్యాప్‌టాప్ సన్నగా జివ్వుమంటోంది

అడాప్టర్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల వచ్చే సంగతి ఇది, కరెంటు చాలా స్వల్పం. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టడం మానేస్తే చాలావరకు పోతుంది.

దండెం, ఇనుప తలుపు, తడి గోడ

వానాకాలంలో సర్వీసు వైరు ఒరుసుకుపోయి రేకుల షెడ్డుకు తగులుతుంది, ఆ షెడ్డుకు కట్టిన ఇనుప తీగ మీద తడి బట్టలు ఆరేస్తారు. దండేనికి నైలాన్ తాడు కట్టండి, ఖర్చు ఎంతో కాదు. గోడ కొడుతుంటే మేకు దిగిన చోట వైరు తెగిందేమో చూపించండి. ఎవరైనా కరెంటుకు అంటుకుపోతే చేత్తో లాగొద్దు, ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయేది అలాగే. మెయిన్ దించండి, అది వీలుకాకపోతే పొడి కర్రతో నెట్టండి, 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆగితే అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ మీద నొక్కుతూనే ఉండాలి.

కొన్ని లైట్లు మండిపోతున్నాయి, కొన్ని మినుకుమంటున్నాయి

మూడు ఫేజుల కనెక్షన్‌లో న్యూట్రల్ తెగితే ఇలా అవుతుంది. వెంటనే మెయిన్ దించి 1912కి గానీ లైన్‌మన్‌కు గానీ చెప్పండి. న్యూట్రల్ సరిచేశారని తెలిశాకే మళ్ళీ ఎత్తండి, మొదట ఒక్క బల్బు వేసి చూసి, తర్వాతే ఫ్రిజ్, టీవీ.