సెల్ఫ్ కొడితే ఫిష్ ఫైండర్ ఆరిపోయేది

కాకినాడలో మా బోటుకి సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ ఫిష్ ఫైండర్ (నీళ్లలో చేపలెక్కడున్నాయో చూపే సెట్టు) ఆరిపోయేది. బ్యాటరీ పోయిందన్నాడు బావ. సెట్టు ఆన్‌లో ఉంచి మీటరు పెడితే బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, సెట్టు దగ్గర 11.4. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీయే 10కి పడుతుంది, ఇక సెట్టుకి మిగిలేదెంత? ఫ్యూజు హోల్డరు విప్పితే పచ్చటి చిలుము, ఉప్పుగాలి పుణ్యం. తగరం పూత ఉన్న లావు రాగి తీగ బ్యాటరీ నుంచి నేరుగా లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాను. నెగటివ్ తీగ కూడా మార్చాను. చాలామంది మరిచిపోయేది అదే.

వీహెచ్ఎఫ్ రేడియోలో, ఆపదలో పిలిచే 16వ ఛానెల్ మీద గరగర మాత్రం పోలేదు. ఒక్కో స్విచ్చీ కట్టేస్తూ వస్తే, డెక్కు మీది చవక ఎల్ఈడీ లైటు ఆర్పగానే నిశ్శబ్దం! దాని తీగలు రెండూ మెలిపెట్టి, గరగరని అణిచే ఫెర్రైటు రింగులో ఐదు చుట్లు తిప్పి, యాంటెనా కేబుల్‌కి దూరంగా జరిపాను. ఇప్పుడు చెవి ఆనిస్తే తప్ప గరగర వినిపించదు.