డాలర్ బాకీకి ఫార్వర్డ్ తీసుకోవాలా? నా అనుభవం

విశాఖలో రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ ఫ్రీజింగ్ మెషిన్ దిగుమతి చేసుకుంటుంటే, ఫార్వర్డ్ (రాబోయే తేదీకి డాలర్ రేటును బ్యాంకుతో ఇప్పుడే ఖాయం చేసుకునే ఒప్పందం) రేటు కంటే ముందు నికర బాకీ (వచ్చే డాలర్లు పోగా కట్టాల్సింది) తేల్చాలి. 90 రోజుల్లో 2,00,000 డాలర్లు కట్టాలనుకోండి. ఆలోపు ఎగుమతి బిల్లుల మీద 1,20,000 వస్తే, వాటిని ఈఈఎఫ్‌సీ ఖాతాలో (ఎగుమతిదారులు డాలర్లను డాలర్లుగానే ఉంచుకునే బ్యాంకు ఖాతా) ఉంచి కట్టొచ్చు. రేటు పెరుగుదల నుంచి కవర్ చేయాల్సింది 80,000 మాత్రమే. ఒక నెలలో ఆ ఖాతాలో పడ్డవి వాడకపోతే తర్వాతి నెలాఖరుకల్లా రూపాయల్లోకి మార్చాలి. అందుకే మరీ ముందుగా వచ్చే డాలర్లను నేను ఈ లెక్కలో కలపను.

డాలర్ 2 రూపాయలు పెరిగితే 1,60,000 అదనం. లాభం ఆ దెబ్బకు తట్టుకోలేకపోతే మొత్తానికీ ఫార్వర్డ్ తీసుకోవాల్సిందే. "రేటు తగ్గుతుందిలే" అన్న నమ్మకం మీద కంపెనీ డబ్బు పెట్టకూడదు. ప్రీమియం (ఇప్పటి రేటు మీద ఫార్వర్డ్‌కు అదనంగా పడేది) డాలర్‌కు 50 పైసలుంటే ఖర్చు 40,000 రూపాయలు. దాన్ని మెషిన్ ధరలో ముందే కలుపుకోండి.

బ్యాంకు చేత స్పాట్ (ఇప్పటి మార్కెట్ రేటు), ప్రీమియం, మార్జిన్ (బ్యాంకు తన లాభం కోసం కలుపుకునేది) విడివిడిగా రాయించుకోండి. మార్జిన్ 10 పైసలు తగ్గినా 8,000 మిగులుతాయి.

అసలు చిక్కు తేదీ దగ్గరే. ఓడ ఆలస్యమై పత్రాలు రాకపోతే, ఒకే తేదీకి చేసిన ఫార్వర్డ్ రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. ఆ రోజుకి డాలర్ తగ్గి ఉంటే తేడా అప్పటికప్పుడు కట్టాలి. కొత్తది చవగ్గా దొరికినా, చేతిలో నగదు మాత్రం ముందే పోతుంది. కాబట్టి నెల వెసులుబాటున్న ఆప్షన్ ఫార్వర్డ్ (ఆ నెలలో ఏ రోజైనా డాలర్లు తీసుకోగలిగేది) మేలు. ప్రీమియం చివరి తేదీ దాకా వేస్తారు, అయినా సరే.