కుట్టు లైన్‌లో పీసులు తగ్గుతున్నాయా? సమస్య - పరిష్కారం

గార్మెంట్ ఫ్యాక్టరీలో సాయంత్రం మీటింగ్‌లో ‘ఇవాళ పీసులు ఎందుకు తగ్గాయి’ అని అడిగితే అందరూ చెప్పే జవాబు ఒక్కటే: ఆపరేటర్లు స్లో. చాలాసార్లు అది నిజం కాదు. ముందు లెక్క చూడండి. ఒక చొక్కాకు ఎస్‌ఏఎం, అంటే కుట్టడానికి పట్టాల్సిన ప్రామాణిక సమయం, 18 నిమిషాలు అనుకుందాం. లైన్‌లో 30 మంది, షిఫ్టు 480 నిమిషాలు. మొత్తం 14,400 నిమిషాలను 18తో భాగిస్తే 800 పీసులు. అది నూరు శాతం. వచ్చినవి 520 అయితే ఎఫిషియెన్సీ 65 శాతం.

అందరూ తల ఎత్తకుండా పనిచేస్తున్నారు, పీసులు మాత్రం రావట్లేదు

లైన్ పక్కన ఒకసారి నడవండి. ఒక మెషిన్ ముందు బండిళ్లు (కత్తిరించిన ముక్కల కట్టలు) గుట్టపడి ఉంటాయి, దాని తర్వాతి మెషిన్ దగ్గర చేతులు ఖాళీగా ఉంటాయి. జబ్బు అక్కడే ఉంది. పై లెక్కలో 18 నిమిషాలను 30 మందికి పంచితే ఒక్కొక్కరికి 36 సెకన్లు. కాలర్ అటాచ్ చేసే ఆమెకు 48 సెకన్లు పడుతోందంటే గంటకు 75, ఎనిమిది గంటలకు 600. మిగతా 29 మంది ఎంత పరిగెత్తినా లైన్ 600 దాటదు.

స్టాప్‌వాచ్ పట్టుకుని ఆమె వెనక నిలబడి పది పీసులు చూడండి. ‘నీ మీద కాదమ్మా, పని మీద’ అని ముందే చెప్పండి, లేకపోతే టెన్షన్‌లో లెక్క తప్పుతుంది. బండిల్ ముడి విప్పడం, నంబర్ స్టిక్కర్లు సరిపోల్చడం, కాలర్ మధ్య గుర్తును కలపడం, దారం కత్తిరించడం... సూది నడిచేది వీటి మధ్య కాసేపే. విప్పడం, సరిపోల్చడం హెల్పర్‌కు ఇవ్వండి. బండిల్‌ను ఎడమ చేతికి అందేలా పెట్టండి. 48 కాస్తా 40కి దిగితే గంటకు 90 అవుతాయి. అప్పుడు గుట్ట ఇంకో మెషిన్ ముందుకు జరుగుతుంది, మీరూ జరగండి. గుట్ట లేని చోట కొత్త మెషిన్ కొనడం మాత్రం డబ్బు దండగ.

బోర్డు మీద అంకె బాగుంది, ప్యాకింగ్‌కు సరుకు అందట్లేదు

చివరి కుట్టు దగ్గరే లెక్కేస్తున్నారు, చెకింగ్‌లో పాసయ్యాక కాదు. ఆల్టర్ పీసులు, అంటే చెకింగ్‌లో తప్పు దొరికినవి, తిరిగొచ్చి, విప్పి, మళ్లీ కుట్టించుకుంటాయి. ఆ నిమిషాలు ఏ రిపోర్టులోనూ కనిపించవు. పాసైన పీసునే లెక్కలోకి తీసుకోండి. కాలర్, కఫ్ లాంటి కష్టమైన చోట్ల లైన్ మధ్యలోనే చెకింగ్ పెట్టండి. తప్పు పది పీసుల దగ్గర దొరకడం వేరు, రెండొందల దగ్గర దొరకడం వేరు.

పొద్దున మొదటి గంట ఎప్పుడూ తక్కువే

గంటగంటకూ బోర్డు రాయకపోతే ఇది బయటపడదు. కటింగ్ నుంచి బండిళ్లు రాకపోవడమో, లేబుళ్లు, దారం స్టోర్‌లోనే ఉండిపోవడమో కారణం. ముందురోజు సాయంత్రమే మొదటి రెండు గంటల సరుకు లైన్‌కు చేర్చండి.

స్టైల్ మారిన ప్రతిసారీ రెండు మూడు రోజులు పోతున్నాయి

షిగియో షింగో అనే జపాన్ ఇంజనీరు ప్రెస్‌ల డైలు (లోహపు అచ్చులు) మార్చడానికి చెప్పిన సూత్రం ఇక్కడా పనిచేస్తుంది: మెషిన్ ఆగితేనే చేయగల పని, నడుస్తుండగానే చేయగల పని విడదీయాలి. ఫోల్డర్లు, గైడ్లు, ప్రెజర్ ఫుట్లు లాంటి మెషిన్‌కు తగిలించే సామాన్లు, శాంపిల్ పీసు, లేఅవుట్ కాగితం పాత స్టైల్ నడుస్తుండగానే సిద్ధం కావాలి.

సంక్రాంతి తర్వాత లైన్ కుంటుతోంది

ఊరెళ్లినవాళ్లు ఇంకా రాలేదు. ఎవరికి ఏ ఆపరేషన్లు వచ్చో తెలిపే స్కిల్ చార్టు గోడ మీద ఉండాలి. ముఖ్యమైన ప్రతి ఆపరేషన్‌కు కనీసం ఇద్దరుండేలా పండక్కి ముందే నేర్పించాలి.

ఎఫిషియెన్సీ రోజూ 110 శాతం

సంబరపడకండి. ఎస్‌ఏఎం వదులుగా, అంటే అవసరానికి మించి, పెట్టి ఉంటారు, లేదా ఓవర్‌టైం నిమిషాలు, పక్క లైన్ నుంచి తెచ్చిన మనుషులు లెక్కలోకి రాలేదు. ముందు హాజరు పుస్తకంతో సరిచూసి, అది సరిగ్గా ఉంటే టైమ్ స్టడీ మళ్లీ చేయించండి.