లినక్స్ బూట్‌లో నెట్‌వర్క్ షేర్ మౌంట్ కావట్లేదా? సమస్య - పరిష్కారం

మెషీన్ ఆన్ చేశాక శాంబా షేర్ (నెట్‌వర్క్‌లో వేరే మెషీన్ పంచిన ఫోల్డర్) మౌంట్ అయి, అంటే జతపడి, ఉండాల్సిన ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే, ఏదీ మార్చకముందు టెర్మినల్‌లో 'సుడో మౌంట్ -ఎ' కొట్టి చూడండి (ఇక్కడి ఆదేశాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయాలి). తర్వాత ఏం చేయాలో దాని జవాబే చెబుతుంది.

చేత్తో మౌంట్ అవుతుంది, బూట్‌లో కాదు

అంటే పాస్‌వర్డ్, షేర్ పేరు, సర్వర్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మెషీన్‌కు ఐపీ అడ్రస్ రాకముందే మౌంట్ ప్రయత్నం జరిగిపోయింది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏది ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఫైల్) 'ఇది నెట్‌వర్క్‌ది' అని చెప్పే '_నెట్‌డెవ్' ఆప్షన్ చేర్చినా పెద్దగా ఒరగదు. సిఫ్స్ (శాంబా షేర్లకు వాడే రకం), ఎన్‌ఎఫ్‌ఎస్‌లు నెట్‌వర్క్ రకాలని బూట్‌ను నడిపించే సిస్టమ్‌డీకి ముందే తెలుసు. వైఫై మీద అయితే అసలు చిక్కు వేరే: వైఫై పాస్‌వర్డ్ ఒక్క యూజర్ కీరింగ్‌లోనే (పాస్‌వర్డ్‌లు దాచే చోటు) ఉంటే, లాగిన్ అయ్యేదాకా కనెక్షనే రాదు. కనెక్షన్ సెట్టింగుల్లో దాన్ని యూజర్లందరికీ అందుబాటులో పెట్టండి.

కేబుల్ అయినా వైఫై అయినా మేము ముందుగా సూచించేది ఆటోమౌంట్. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో షేర్ లైన్‌లోని ఆప్షన్లకు ఇవి కలపండి:

నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డి.ఆటోమౌంట్,ఎక్స్-సిస్టమ్‌డి.మౌంట్-టైమౌట్=30

ఇక ఫోల్డర్ తెరిచినప్పుడే మౌంట్ జరుగుతుంది. సర్వర్ ఆపేసి ఉన్నా బూట్ దానికోసం ఆగదు. ఫైల్ సేవ్ చేశాక 'సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్' ఇచ్చి, తప్పకుండా రీబూట్ చేసి చూడండి. 'మౌంట్ -ఎ' పనిచేసినంత మాత్రాన బూట్‌లో పనిచేస్తుందని కాదు.

చేత్తో కూడా కాదు

ఎర్రర్ 13 వస్తే యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు, లేదా ఆ యూజర్‌కు షేర్ మీద అనుమతి లేదు. ఈ వివరాలను ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాయకండి, అది ఎవరైనా చదవగలిగే ఫైల్. రూట్ పేరిట విడిగా ఒక ఫైల్ పెట్టి రూట్ తప్ప ఎవరూ చదవకుండా దానికి 600 పర్మిషన్ ఇవ్వండి.

ఎర్రర్ 2 అయితే షేర్ పేరు సరిచూడండి. పేరులో స్పేస్ ఉంటే దాని స్థానంలో \040 రాయాలి.

పింగ్ వెళ్తున్నా ఎర్రర్ 112 వస్తే, అవతలిది ఎస్ఎంబీ 1 (శాంబా షేర్లు వాడే ప్రోటోకాల్ పాత వెర్షన్) మాత్రమే తెలిసిన పాత నాస్ (నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె) కావచ్చు. 2017లో వచ్చిన లినక్స్ కెర్నల్ 4.13 నుంచి ఆ వెర్షన్ డిఫాల్ట్ కాదు. 'వెర్స్=1.0' పెడితే కలుస్తుంది గానీ అది భద్రమైన దారి కాదు. ముందు నాస్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడండి.

'హెల్పర్ ప్రోగ్రామ్' కావాలని అడిగితే సిఫ్స్-యుటిల్స్ ప్యాకేజీ వేయలేదన్నమాట.

మౌంట్ అయింది, పాత ఫైళ్లు మాయం

షేర్ లేని సమయంలో బ్యాకప్ నడిచి ఉంటే, ఆ ఫైళ్లన్నీ లోకల్ డిస్క్‌లోని అదే ఫోల్డర్‌లో పడి ఉంటాయి. మౌంట్ కాగానే అవి దాని కింద దాగిపోతాయి, డిస్క్ మాత్రం నిండుతూనే ఉంటుంది. అన్‌మౌంట్ చేసి వాటిని వేరేచోటికి తరలించండి. ఖాళీ అయిన ఫోల్డర్ మీద 'ఛాట్టర్ +ఐ' (మార్పులకు వీల్లేకుండా చేసే ఆదేశం) పెడితే, షేర్ లేనప్పుడు అందులో ఏ ప్రోగ్రామ్‌కూ రాయడం కుదరదు.